బేగంబజార్ ఇత్తడి దుకాణం సైటు గూగుల్‌కి కనిపించేదాకా: నా అనుభవం

బేగంబజార్‌లో ఇత్తడి, రాగి, కంచు సామాను అమ్మే ఒక దుకాణం సైటు పని ఈమధ్య చేశాను. సైటు చూడ్డానికి బాగానే ఉంది. ఫోటోలున్నాయి, కార్ట్ ఉంది, వాట్సాప్ బటన్ ఉంది. గూగుల్ నుంచి మాత్రం బేరాల్లేవు. "నా ఫోన్ల కొడితే మాదే ఫస్ట్ వస్తదన్నా, కస్టమర్లకే కనిపిస్తలేదంట" అన్నాడు యజమాని. ఇలాంటి ఫోన్ సాక్ష్యాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఆయన కూర్చున్నది దుకాణంలోనే, కొట్టింది దుకాణం పేరే. పేరు తెలిసినవాళ్లు ఎలాగూ వస్తారు. కూకట్‌పల్లిలో గృహప్రవేశం పెట్టుకుని "ఇత్తడి బిందె హైదరాబాద్" అని కొట్టేవాళ్లకి ఏం కనిపిస్తోందో అది చూడాలి.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఎస్ఈఓ (వెతికినప్పుడు సైటు పైకి వచ్చేలా చేసే పని) అనగానే కీవర్డ్స్ (జనం వెతికే మాటలు), బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మనకొచ్చే లింకులు) అంటూ మొదలుపెడతారు. మన చిన్న వ్యాపారాల సైట్లలో నేను చూసినంతవరకు వ్యవహారం అంతదూరం రానే రాదు. గూగుల్ పేజీని తెచ్చుకోగలుగుతోందా, తెచ్చుకున్నది చదవగలుగుతోందా, చదివినదాన్ని తన ఇండెక్స్‌లో, అంటే వెతికినప్పుడు చూపించే పేజీల పట్టీలో, పెట్టుకుంటోందా? ఈ మూడూ తేలాకే ర్యాంకింగ్ ముచ్చట. ఈ సైటులో మూడింటికీ మూడు అడ్డంకులున్నాయి.

ముందు సెర్చ్ కన్సోల్, అంటే మన సైటు గూగుల్‌కి ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ టూల్. అందులో ప్రాపర్టీ (మన సైటు నమోదు) రెండు రకాలుగా పెట్టుకోవచ్చు: యూఆర్‌ఎల్ ప్రిఫిక్స్, డొమైన్. డొమైన్ రకమే మేలు. ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నా లేకపోయినా, హెచ్‌టీటీపీ అయినా హెచ్‌టీటీపీఎస్ అయినా అన్నీ ఒకే లెక్కలోకి వస్తాయి. దానికోసం డొమైన్ కొన్నచోట డీఎన్‌ఎస్ సెట్టింగుల్లో గూగుల్ ఇచ్చే టెక్స్ట్ రికార్డు ఒకటి చేర్చాలి. ఆ లాగిన్ ఎవరి దగ్గర ఉందో తెలియకపోవడం మన దగ్గర మామూలే. సైటు కట్టిన కుర్రాడు తన మెయిల్ మీదే డొమైన్ కొని ఉంటాడు, తర్వాత ఉద్యోగం వచ్చి ఏ బెంగళూరుకో వెళ్లిపోయి ఉంటాడు. అందుకే నేను ఏ పనైనా ముట్టుకునే ముందు డొమైన్‌ని యజమాని ఖాతాలోకి మార్పిస్తాను.

సెర్చ్ కన్సోల్‌లో పేజీల రిపోర్టు తెరిస్తే ఇండెక్స్ కానివాటి పక్కన కారణం రాసి ఉంటుంది. కారణాల్లో తేడా తెలియాలి. "డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" అంటే ఆ చిరునామా ఉందని గూగుల్‌కి తెలుసు, ఇంకా వచ్చి చూడలేదు. "క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" అంటే వచ్చింది, చూసింది, పెట్టుకోలేదు. మొదటిదానికి సర్వర్ నెమ్మదిగా ఉండడమో, అక్కర్లేని యూఆర్‌ఎల్‌లు వేలకొద్దీ ఉండడమో కారణం కావచ్చు. రెండోది చాలాసార్లు పేజీలో సరుకు లేకపోవడం వల్ల, లేదా అదే సరుకు ఇంకో పేజీలోనూ ఉండడం వల్ల వస్తుంది. రెండింటికీ ఒకటే మందు వేస్తే లాభం లేదు. సెర్చ్ పెట్టెలో సైట్ కోలన్ కొట్టి వచ్చే సంఖ్య చూసి నిర్ణయాలు తీసుకునేవాళ్లున్నారు. ఆ సంఖ్య ఉజ్జాయింపు మాత్రమే.

ఇక్కడ కనిపించిన మొదటి అడ్డంకి వేరు: నోఇండెక్స్, అంటే ఈ పేజీని ఇండెక్స్‌లో పెట్టుకోవద్దని చెప్పే ట్యాగు. వర్డ్‌ప్రెస్ రీడింగ్ సెట్టింగుల్లో సెర్చ్ ఇంజిన్లు రాకుండా ఆపే టిక్ ఒకటుంటుంది. సైటు కడుతున్నప్పుడు పెడతారు, బయటికి వదిలాక తీయడం మరిచిపోతారు. దీనికి తోడు కొన్ని ఫోల్డర్లను రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీలో (సెర్చ్ ఇంజిన్లు ఎక్కడికి రాకూడదో చెప్పే ఫైల్లో) కూడా అడ్డుకున్నారు. రెండు తాళాలు వేస్తే ఇంకా గట్టి అనుకుంటారు గానీ ఇవి ఒకదాన్నొకటి దెబ్బతీస్తాయి. రోబోట్స్ ఫైలు గూగుల్‌బాట్‌ని (పేజీలు తెచ్చుకునే గూగుల్ ప్రోగ్రామ్‌ని) గుమ్మం దగ్గరే ఆపేస్తే లోపల రాసిపెట్టిన నోఇండెక్స్ దానికి కనిపించదు. బయట ఎక్కడైనా లింకుంటే, వివరం ఏమీ లేకుండా ఉత్త చిరునామాగా ఫలితాల్లో కనిపించే అవకాశం కూడా ఉంది. పేజీని తీసేయాలంటే లోపలికి రానిచ్చి నోఇండెక్స్ చూపించాలి. రోబోట్స్ ఫైల్లోనే నోఇండెక్స్ వరుస రాస్తే పనిచేస్తుందని పాత పాఠాల్లో ఉంటుంది. 2019 సెప్టెంబర్ 1 నుంచి గూగుల్ దాన్ని పట్టించుకోవడం లేదు.

టిక్ తీసి, రోబోట్స్ ఫైలు సరిచేశాక వెంటనే ఏమీ మారదు. రోబోట్స్ ఫైలు కాపీని గూగుల్ మామూలుగా 24 గంటల వరకు తన దగ్గర ఉంచుకుంటుంది. ముఖ్యమైన కొద్ది పేజీలకు సెర్చ్ కన్సోల్‌లో ఒక్కో పేజీని పరీక్షించే యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో లైవ్ టెస్ట్ నడిపి రిక్వెస్ట్ ఇండెక్సింగ్ నొక్కాను. దానికి రోజువారీ పరిమితి ఉంది, మళ్లీమళ్లీ నొక్కినా వరుసలో ముందుకు జరగదు. మిగతావి సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల జాబితా ఫైలు) ద్వారా వెళ్లాలి. ఒక సైట్‌మ్యాప్ ఫైల్లో 50,000 యూఆర్‌ఎల్‌లు, కంప్రెస్ చేయకముందు 50 ఎంబీ వరకు పెట్టొచ్చు. దుకాణాల సైట్లు ఆ హద్దు దగ్గరికి రావు. అందులో ప్రయారిటీ (పేజీ ప్రాధాన్యం), చేంజ్‌ఫ్రీక్ (ఎంత తరచుగా మారుతుంది) విలువలను గూగుల్ చూడదు. లాస్ట్‌మాడ్ (చివరిసారి మార్చిన) తేదీని నిజాయితీగా ఉంటే వాడుకుంటుంది. రోజూ అన్ని పేజీలకూ ఆరోజు తేదీ వేసే ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) ఉంటే, ఆ తేదీని నమ్మడం మానేస్తుంది.

లైవ్ టెస్ట్‌లో రెండరైన (గూగుల్ తెరిచాక తయారైన) హెచ్‌టీఎంఎల్ చూస్తే రెండో అడ్డంకి బయటపడింది. తెలుగు పేజీల్లో తెలుగు లేదు! వర్ణన మొత్తం పోస్టర్ బొమ్మల్లో, ఒక కేటలాగ్ పీడీఎఫ్‌లో ఉంది. హైదరాబాద్‌లో డీటీపీ సెంటర్లు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో పనిచేస్తాయి. ఈ కేటలాగ్ కూడా అలా వచ్చిందే. కంటికి చక్కటి తెలుగు, లోపలున్నవి ఇంగ్లిష్ అక్షరాల స్థానాలు, వింత గుర్తులు. పీడీఎఫ్‌లో "మరచెంబు" అన్న మాటను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి: పైన చుక్కలున్న యూరపు అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు కలిసి ఏదో పడుతుంది. మనకు తెలుగుగా కనిపించేది ఆ ఫాంటు వేసిన వేషం. గూగుల్ చదివేది వేషం కింద ఉన్న కోడ్‌ని. యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ కోడ్‌లిచ్చే ప్రమాణంలో) తెలుగుకి సొంత అరలున్నాయి, 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు. అక్షరాలు ఆ అరల్లో లేకపోతే వెతికే యంత్రానికి అది తెలుగే కాదు.

అనూ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక వచ్చినదాన్ని మాత్రం అలాగే ఎక్కించకూడదు. అనూ ఫాంట్లు అక్షరాన్ని ముక్కలుగా పేర్చి కడతాయి: తలకట్టు ఒక ముక్క, వత్తు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క. టైపు చేసినవాళ్లు ముక్కల వరుస మార్చి కొట్టినా కాగితం మీద తేడా తెలియదు. యూనికోడ్‌లో మాత్రం వత్తు పక్క అక్షరం కిందికి పోతుంది, గుడి కాస్తా గుడిదీర్ఘం అవుతుంది. నేను ముందు వర్గాల పేర్లు, వస్తువుల పేర్లు చేత్తో కొట్టించాను, ఎందుకంటే జనం వెతికేవి అవే. వర్ణనలు కన్వర్టర్‌తో మార్చి, దుకాణంలో లెక్కలు రాసే పెద్దాయనతో చదివించాం. పోస్టర్ బొమ్మల్లోని మాటలకు గూగుల్ డ్రైవ్‌లో బొమ్మను పెట్టి డాక్స్‌తో తెరిచే దారి బాగా పనికొచ్చింది. అది తెలుగు అక్షరాలను గుర్తుపట్టి టెక్స్ట్‌గా ఇస్తుంది. అంకెల దగ్గర మాత్రం జాగ్రత్త. "8 లీటర్లు" అన్నది "3 లీటర్లు" అయితే గూగుల్‌కేమీ కాదు, కొన్నాయన దుకాణానికొచ్చి గొడవ పడతాడు.

తర్వాత మాటలు. సైటులో వస్తువుల పేర్లన్నీ బ్రాస్ వాటర్ పాట్, యాంటిక్ కుకింగ్ వెసెల్ ధోరణిలో ఉన్నాయి. కౌంటర్ దగ్గర నిలబడి వింటే ఒక్కళ్లూ ఆ మాటలు వాడరు. గంగాళం, గుండిగ, కాగు, మరచెంబు, కుందులు, తాంబూలం పళ్లెం అంటారు. బేగంబజార్ కాబట్టి అదే వస్తువుని పీతల్ కా బర్తన్, తాంబే కా లోటా అని కూడా అడుగుతారు. ఫోన్‌లో వెతికేటప్పుడు ఇంకో సంగతి: తెలుగువాళ్లలో చాలామంది తెలుగు మాటను ఇంగ్లిష్ లిపిలో కొడతారు. ఇత్తడి అన్న ఒక్క మాటకే హెచ్ ఉన్నదీ లేనిదీ, ఒక టీ, రెండు టీలు అంటూ నాలుగైదు స్పెల్లింగులు వస్తాయి. దీనికి విరుగుడు స్పెల్లింగుకో పేజీ కట్టడం కాదు. వస్తువుకి ఒకటే పేజీ, దాని హెడ్డింగులో తెలుగు పేరు, పక్కన ఎక్కువమంది వాడే ఇంగ్లిష్ లిపి రూపం ఒకటి, వర్ణనలో సహజంగా హిందీ పేరు, అంతే. మిగతా స్పెల్లింగులను గూగుల్ చాలావరకు తనే కలుపుకుంటుంది. మెటా కీవర్డ్స్ ట్యాగులో (పేజీ కోడ్‌లో దాగి ఉండే మాటల జాబితాలో) అన్ని రూపాలూ కుక్కే అలవాటు ఇంకా పోలేదు. ర్యాంకింగ్‌కి దాన్ని తాను వాడనని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

ఏ మాట వాడాలో తేల్చుకోవడానికి ఖరీదైన టూల్ అక్కర్లేదు. ఇన్‌కాగ్నిటోలో మాట సగం కొట్టి ఆపితే వచ్చే సూచనలు, దుకాణం వాట్సాప్‌లో జనం అడిగిన ప్రశ్నలు, పేజీలు ఇండెక్సయ్యాక సెర్చ్ కన్సోల్‌లోని క్వెరీలు (జనం వెతికిన మాటలు). ఈ మూడూ పక్కపక్కన పెడితే పేజీలో ఏం రాయాలో అదే తేలుతుంది. వాట్సాప్‌లో అడిగేవి దాదాపు ఒకే తీరు. బరువెంత, ఎన్ని లీటర్లు పడతాయి, కిలో రేటెంత, లోపల కళాయి పూసి ఉందా, చింతపండు పులుసు వండొచ్చా. సైటులో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. "సంప్రదాయ సౌందర్యం ఉట్టిపడే" లాంటి వాక్యాలున్నాయి. ఆ వాక్యాలు తీసేసి ప్రతి వస్తువుకీ బరువు, మూతి వెడల్పు, లీటర్లు, కళాయి ఉందా లేదా రాయించాను. కళాయి లేని ఇత్తడిలో పులుపు వండకూడదని స్పష్టంగా పెట్టించాను. "క్రాల్డ్, నాట్ ఇండెక్స్‌డ్"లో పడే పేజీలు ఎక్కువగా ఫోటో, పేరు తప్ప ఏమీ లేనివే. వాటికి కావలసింది ఇలాంటి సరుకు.

ఇత్తడి రేటు బరువు మీద, ఆ రోజు ధర మీద నడుస్తుంది కాబట్టి చాలా వస్తువులకు ధర లేదు. స్ట్రక్చర్డ్ డేటా కోడ్‌లో (వస్తువు వివరాలను గూగుల్‌కి విడమర్చి చెప్పే కోడ్‌లో) మాత్రం ప్లగిన్ వాటికి ధర సున్నా అని రాస్తోంది. ధర చెప్పనివాటికి ఆ కోడ్‌లో ధర ఉండే ఆఫర్ భాగమే పెట్టకూడదు. పేజీలో కనిపించనిదాన్ని కోడ్‌లో చెప్పడం నిబంధనలకు విరుద్ధం.

పేజీ చిరునామాల దగ్గర ఒక లెక్క. తెలుగు లిపిలో యూఆర్‌ఎల్ పెట్టొచ్చు, గూగుల్‌కి అభ్యంతరం లేదు. కాకపోతే తెలుగులో ఒక్కో కోడ్ యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ని బైట్లుగా రాసే పద్ధతిలో) 3 బైట్లు, లింకుగా కాపీ చేస్తే ఒక్కో బైటు 3 గుర్తులవుతుంది. "ఇత్తడి-బిందెలు"లో ఒత్తులు, గుణింతాలు విడదీస్తే 13 కోడ్‌లు, మధ్యలో ఒక గీత. వాట్సాప్‌లో పేస్ట్ చేసేసరికి అది 118 గుర్తుల తోక. చూసినవాళ్లు వైరస్ లింకనుకుంటారు. పైగా "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో వత్తు పడకుండా మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి కూర్చుంటుంది. ఒకచోట దానితో, ఒకచోట అది లేకుండా టైపు చేస్తే రెండు వేరువేరు యూఆర్‌ఎల్‌లవుతాయి. యూఆర్‌ఎల్‌లు ఇంగ్లిష్ లిపిలో పొట్టిగా ఉంచి, తెలుగుని టైటిల్‌లో, హెడ్డింగులో పెట్టడమే నా పద్ధతి.

చిరునామాలు మార్చినప్పుడు పాతదాన్నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ (వచ్చినవాళ్లని శాశ్వతంగా కొత్త చిరునామాకి పంపే ఏర్పాటు) పేజీకి పేజీ పెట్టాలి. అన్నింటినీ హోమ్ పేజీకి తోసేస్తే గూగుల్ వాటిని సాఫ్ట్ 404గా (లేని పేజీలుగా) లెక్కేస్తుంది, పాత పేజీ సంపాదించుకున్న లింకుల బలం గాలిలో కలిసిపోతుంది. రీడైరెక్టులు కనీసం ఏడాది ఉంచాలి. నేనైతే తీయనే తీయను.

టైటిల్‌కి ఇన్ని అక్షరాలని గూగుల్ హద్దేమీ పెట్టలేదు. చూపించేటప్పుడు వెడల్పుని బట్టి కత్తిరిస్తుంది. తెలుగు అక్షరాలు వెడల్పెక్కువ కాబట్టి ఇంకా తొందరగా తెగుతుంది. అందుకే వస్తువు పేరు ముందు, ఊరు తర్వాత, దుకాణం పేరు చివర.

ఇంగ్లిష్, తెలుగు పేజీలు రెండూ ఉంటే వాటికి వేరువేరు యూఆర్‌ఎల్‌లు ఉండాలి. ఈ సైటు బ్రౌజర్ భాష చూసి ఒకే యూఆర్‌ఎల్‌లో పేజీ మార్చేది. గూగుల్‌బాట్ మామూలుగా ఫలానా భాష కావాలని చెప్పుకోదు, ఎక్కువగా అమెరికా ఐపీల నుంచి వస్తుంది. దాంతో దానికి ఎప్పుడూ ఇంగ్లిష్ పేజీయే దొరికింది. విడదీశాక హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగులు (ఇదే పేజీ ఇంకో భాషలో ఎక్కడుందో చెప్పేవి) రెండువైపులా పెట్టాలి. తెలుగు పేజీ ఇంగ్లిష్ పేజీని చూపించి, ఇంగ్లిష్ పేజీ తిరిగి చూపించకపోతే ఆ జత చెల్లదు.

మూడో అడ్డంకి ఫిల్టర్లు. ఒక వర్గం పేజీలో లోహం 4 రకాలు, సైజు 8, వరుస క్రమం 5 ఉంటే ఆ ఒక్క పేజీ నుంచే 160 యూఆర్‌ఎల్‌లు పుడతాయి. అన్నింటిలోనూ అవే బిందెలు. గూగుల్‌బాట్ వీటిలో తిరుగుతూ అసలు వస్తువుల దగ్గరికి ఆలస్యంగా వస్తుంది. కెనానికల్ ట్యాగు (ఒకేలాంటి పేజీల్లో అసలుది ఏదో చెప్పేది) పెడితే సరిపోతుందని చాలామంది అంటారు. కెనానికల్ ఒక సూచన మాత్రమే, పైగా దాన్ని చదవాలంటే గూగుల్ ఆ పేజీకి రావాల్సిందే, కాబట్టి తిరుగుడు వెంటనే తగ్గదు. వరుస క్రమం లింకులను రోబోట్స్‌లో ఆపేశాను. లోహం ఫిల్టర్‌ని మాత్రం తీసి, రాగి బిందెలు, ఇత్తడి బిందెలు అని మామూలు వర్గం పేజీలుగా కట్టించాను. జనం ఆ మాటలతో నిజంగానే వెతుకుతారు మరి.

వేగం గురించి ఎక్కువ చెప్పను. ఎల్‌సీపీ (పేజీలోని పెద్ద భాగం కనిపించే సమయం) 2.5 సెకన్లలోపు, ఐఎన్‌పీ (నొక్కినదానికి పేజీ స్పందించే సమయం) 200 మిల్లీసెకన్లలోపు, సీఎల్‌ఎస్ (పేజీ ఉన్నట్టుండి జరిగే కొలత) 0.1 లోపు ఉంటే చాలు. వంద కొట్టాలని పేజ్‌స్పీడ్ స్కోరు వెంట పడక్కర్లేదు. ఇక్కడ ఫోటోలు ఫోన్ నుంచి తీసినవి తీసినట్టే, 4 ఎంబీ చొప్పున ఎక్కించారు. 1200 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించి వెబ్‌పీలోకి (చిన్న సైజు బొమ్మల ఫార్మాట్‌లోకి) మార్చాం. పైన కనిపించే మొదటి బొమ్మకి లేజీ లోడింగ్ (దగ్గరికి వచ్చేదాకా బొమ్మ తెరవకుండా ఆపడం) తీసేశాం. తెలుగు సైట్లకే ఉండే తంటా ఒకటుంది: వెబ్ ఫాంటు వచ్చేలోపు ఫోన్‌లోని ఫాంటు కనిపిస్తుంది, రెండింటి వత్తుల లోతు వేరు కాబట్టి ఫాంటు మారగానే పేజీ మొత్తం కిందికి జరుగుతుంది. సీఎల్‌ఎస్ అక్కడే చెడుతుంది. లైన్ హైట్ (వరుస ఎత్తు) 1.6 పైన గట్టిగా రాసేస్తే చాలావరకు కుదురుకుంటుంది, వత్తులు తెగడమూ పోతుంది.

దుకాణానికి నడిచొచ్చే జనం కావాలంటే సైటు కంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్ మ్యాప్‌లో కనిపించే దుకాణం వివరాలు) ముఖ్యం. అక్కడ లెక్క మూడింటి మీద: అడిగినదానికి పొంతన, దూరం, పేరుప్రతిష్ఠ. దూరాన్ని మనం మార్చలేం. పేరు బోర్డు మీద ఉన్నట్టే ఉండాలి. "బెస్ట్ బ్రాస్ షాప్ హైదరాబాద్" అని తోకలు తగిలిస్తే ప్రొఫైల్ సస్పెండయ్యే ప్రమాదం ఉంది. బేగంబజార్ గల్లీల్లో పిన్ ఒక వీధి పక్కకి పడితే బండి తిరగడానికి చోటుండదు, మనిషి విసుక్కుని ఎదురైన దుకాణంలో కొనేస్తాడు. పిన్‌ని శాటిలైట్ చిత్రంలో మన పైకప్పు మీదికే జరపాలి. వెరిఫికేషన్‌కి వీడియో అడిగితే వీధి, బోర్డు, షట్టర్ తాళం తీయడం ఒకే వరుసలో ఆపకుండా తీయాలి. రివ్యూ రాస్తే డిస్కౌంట్ అనే స్లిప్పు కౌంటర్ మీద కనిపించింది, తీయించాను. అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం.

పేటకో పేజీ కట్టమని కూడా అడిగారు: దిల్‌సుఖ్‌నగర్‌లో ఇత్తడి సామాను, మియాపూర్‌లో ఇత్తడి సామాను. దుకాణం ఒక్కచోటే ఉండగా పేరు మార్చి పేజీలు అచ్చుగుద్దితే వాటిని డోర్‌వే పేజీలంటారు. స్పామ్ విధానాల్లో పేరుపెట్టి మరీ కాదన్నవి. నగరమంతా డెలివరీ ఉంటే ఒక డెలివరీ పేజీ చాలు, ఏ ప్రాంతానికి ఎంత ఛార్జి, బరువైన గంగాళం ఎలా పంపుతారు అని రాస్తూ. 5,000 బ్యాక్‌లింకుల ప్యాకేజీ ఆఫర్లు మెయిల్‌కి వస్తూనే ఉంటాయి. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ (ఇలాంటి లింకులను పట్టే గూగుల్ మార్పు) వచ్చినప్పుడు అలాంటి సైట్లు మునిగాయి. 2016 నుంచి అది ప్రధాన అల్గారిదమ్‌లో కలిసింది, ఇప్పుడు చాలావరకు ఆ లింకులకు విలువ లేకుండా చేస్తుంది. డబ్బు దండగ. సామాను కొన్న కేటరింగ్‌వాళ్లు, పెళ్లి మండపాల అలంకరణవాళ్లు తమ సైటులో ఈ దుకాణం పేరు చెప్పి ఒక లింకిస్తే అది పనిచేస్తుంది.

ఫలితం చూసేటప్పుడు గత నెలతో పోల్చకూడదు. కుందుల పేజీ కార్తీకానికి ముందు ఎగబాకుతుంది, తర్వాత దిగుతుంది. బిందెలు పెళ్లి ముహూర్తాల వెంట నడుస్తాయి, మూఢం వస్తే ఆగుతాయి. పోయినేడు ఇదే సీజన్‌తో పోల్చాలి. మూఢాలు, అధిక మాసాలు ఇంగ్లిష్ తేదీలకు కట్టుబడవు కాబట్టి పంచాంగం పక్కన పెట్టుకుని తేదీలు ఎంచుకోవాలి. సెర్చ్ కన్సోల్‌లో డేటా 16 నెలలే నిలుస్తుంది, అందుకే నెలనెలా షీట్‌లోకి దింపుకోమని యజమాని కొడుక్కి నేర్పించాను. ఒకేసారి దింపితే 1,000 వరుసలే వస్తాయి. బిందెలకి ఒకటి, కుందులకి ఒకటి, వంటపాత్రలకి ఒకటి అని పేజీ ఫిల్టర్ పెట్టి విడివిడిగా దింపితే చిన్నచిన్న క్వెరీలు కూడా దొరుకుతాయి.